లాగగలదు సరే, మోయగలదా?

1947లో ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ ఒక ఫొటో తీయించింది. అల్యూమినియం ఒంటితో తళతళలాడే ప్రయాణపు ట్రైలర్, దాన్ని లాగుతున్న సైకిలు, సైకిలు మీద ఫ్రెంచి పందెగాడు ఆల్ఫ్రెడ్ లెతుర్నర్. ఆయన సామాన్యుడేం కాదు. 1941లో కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో రేసుకారు వెనకాల, దాని గాలిచాటున తొక్కి గంటకు 108.92 మైళ్ళ వేగం అందుకున్నవాడు. అంతటి పిక్కబలం ఎందరికి ఉంటుందన్నది అలా ఉంచితే, కంపెనీ చెప్పదలచింది చూసినవాళ్ళకు ఇట్టే అర్థమైంది: సైకిలే లాగేస్తుంటే మీ కారుకేం కష్టం? ఆ బొమ్మ ఎయిర్‌స్ట్రీమ్‌కు దశాబ్దాల పాటు గుర్తుగా నిలిచిపోయింది.

ఫొటోలో అబద్ధం లేదు. చదునైన నేల మీద, చక్రాల మీద ఉన్న బరువును కదిలించడం మనం అనుకున్నంత కష్టం కాదు. అయితే ఆ ఫొటోలో ఘాట్ రోడ్డు లేదు. దిగుడులో బ్రేకు వేయాల్సిన అగత్యం లేదు. పక్కనుంచి దూసుకుపోయే లారీ లేదు. ట్రైలర్ బరువుకు తగ్గ బండిని ఎంచుకోవడమనే విద్య చరిత్రంతా ఈ మూడింటి చుట్టూ తిరిగింది. అమ్మేవాళ్ళు మాత్రం చాలాకాలం లాగడం గురించే మాట్లాడారు.

ఇంటిని వెంటబెట్టుకుని విహారానికి పోవాలన్న సరదా కారు కంటే పాతది. ఇంగ్లండు నౌకాదళంలో వైద్యుడిగా పనిచేసి రిటైరైన విలియం గోర్డన్ స్టేబుల్స్ పిల్లలకు సాహస కథలు రాసేవాడు. 1885లో ఆయన బ్రిస్టల్ నగరపు బండ్ల కార్ఖానాలో ‘వాండరర్’ అనే బండి కట్టించుకున్నాడు. పొడవు సుమారు 18 అడుగులు. సామాను సర్దాక బరువు రెండు టన్నుల దరిదాపు. దానికి రెండు గుర్రాలు. ట్వైఫర్డ్ నుంచి స్కాట్లాండులోని ఇన్వర్నెస్ దాకా దాదాపు 1,300 మైళ్ళు అలా సాగాడు దొరవారు. ఎదురొచ్చే బండ్లను హెచ్చరించడానికి నౌకరు మూడు చక్రాల సైకిలు మీద ముందు నడిచేవాడు. 1907లో కేరవాన్ క్లబ్బు పుట్టినప్పుడు స్టేబుల్స్‌ను ఉపాధ్యక్షుణ్ణి చేశారు.

గుర్రానికి ఒక సుగుణం ఉంది. బరువు ఎక్కువైతే ఆగిపోతుంది, నురగలు కక్కుతుంది, మొండికేస్తుంది. కారు అలా చెప్పదు. ఇంజన్ పొగలు కక్కేదాకానో, వెనక బండి అటూ ఇటూ ఊగేదాకానో నోరు మెదపదు.

కారు వెనక కట్టే కేరవాన్‌లను వ్యాపారంగా తయారుచేయడం బ్రిటన్‌లో 1919లో, బర్మింగ్‌హామ్‌లోని ఎకిల్స్ కంపెనీతో మొదలైంది. అదే ఏడాది అమెరికాలో ఫ్లోరిడాలోని టాంపా నగరంలో ‘టిన్ క్యాన్ టూరిస్ట్స్’ అనే సంఘం వెలిసింది. డబ్బాల్లో వచ్చే తిండి తింటూ, డబ్బా లాంటి ఫోర్డ్ కారులో తిరిగేవాళ్ళ సంఘం. వాళ్ళ చేతిలో ఉన్న మోడల్ టి ఫోర్డ్‌కు 20 హార్స్‌పవర్. కారు బరువే అర టన్ను పైచిలుకు. కాబట్టి దాని వెనక డేరాగుడ్డ, మడతమంచాలు పట్టే రెండు చక్రాల పెట్టె మించి కట్టడానికి లేదు. బరువు లెక్క ఎవరూ వేయలేదు. వేయాల్సినంత బరువు లేదు గనుక సరిపోయింది.

ఈ కథలో విమానాలవాళ్ళు చాలామంది కనిపిస్తారు. అది కాకతాళీయం కాదు. ఒక్కో ఔన్సుకూ లెక్క చెప్పాల్సిన వృత్తి వాళ్ళది. విమానాల తయారీలో రైటు సోదరులకు పోటీగా నిలిచిన గ్లెన్ కర్టిస్ 1920ల చివర్లో ‘ఏరోకార్’ అనే ట్రైలర్ తెచ్చాడు. దాని ముందు భాగాన్ని కారు వెనక బంపరుకు తగిలించలేదు. కారు లోపలికి, వెనక ఇరుసు మీదికి తెచ్చి, అడ్డంగా పరచిన గాలి టైరులో కూర్చోబెట్టాడు. కుదుపులు టైరు మింగేది, బరువు ఇరుసు మీద నేరుగా పడేది. ఇప్పుడు పెద్ద పికప్ ట్రక్కుల తొట్టిలో తగిలించే ‘ఫిఫ్త్ వీల్’ ట్రైలర్ల వెనక ఉన్న ఆలోచన అదే. మరో విమానశిల్పి హాలీ బౌలస్. లిండ్‌బర్గ్ అట్లాంటిక్ దాటిన ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ నిర్మాణాన్ని దగ్గరుండి చూసినవాడు, ఇంజన్ లేని గ్లైడర్లు కట్టడంలో చేయితిరిగినవాడు. 1934లో ఆయన తయారుచేసిన ‘రోడ్ చీఫ్’ అల్యూమినియం ట్రైలర్ బరువు సుమారు 1,100 పౌండ్లు, అంటే 500 కిలోలు. ఆ రోజుల కారు ఏదైనా లాగగల బరువు. ఆ కంపెనీ ఎక్కువకాలం బతకలేదు. దాని పోలికలతో ఎయిర్‌స్ట్రీమ్ యజమాని వాలీ బయమ్ 1936లో ‘ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్’ను విడుదల చేశాడు. ధర 1,200 డాలర్లు. మాంద్యం నడుస్తున్న రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

అయితే జనం ఎక్కువగా కొన్నది అల్యూమినియం కాదు, చెక్కపెట్టెలు. డెట్రాయిట్‌కు చెందిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఆర్థర్ షెర్మన్ మొదలుపెట్టిన ‘కవర్డ్ వ్యాగన్’ కంపెనీ 1930ల నడుమ దేశంలోకెల్లా పెద్ద ట్రైలర్ తయారీదారు. ఊపు ఎంతగా ఉండేదంటే, ఆర్థిక జోస్యాలకు పేరుమోసిన రోజర్ బాబ్సన్ ఇరవై ఏళ్ళలో సగం అమెరికా ట్రైలర్లలోనే కాపురం ఉంటుందని ప్రకటించాడు. ఆ జోస్యం ఫలించలేదు గానీ, ట్రైలర్లు మాత్రం ఏటేటా పొడవు పెరిగాయి. లాగే కారు పెరిగినదానికంటే వేగంగా పెరిగాయి.

ఆపే సంగతి మొదట పట్టించుకున్నవాళ్ళలో ఆర్థర్ వార్నర్ ఒకడు. విస్కాన్సిన్ రాష్ట్రంలో మొట్టమొదట, 1909లో, కర్టిస్ విమానమే కొని ఎగిరిన మనిషి. వేగం చూపే మీటర్ల వ్యాపారంలో సొమ్ము గడించాడు. ఆ తర్వాత విద్యుత్ బ్రేకుల మీద పడ్డాడు. ట్రైలర్ చక్రాల్లో విద్యుదయస్కాంతం ఉంటుంది. డ్రైవరు బ్రేకు వేసినప్పుడు కారు బ్యాటరీ నుంచి కరెంటు పారి, ట్రైలర్ తన బరువును తానే ఆపుకుంటుంది. వేగం చూపే మీటరు చేసిన చేతులే వేగం తగ్గించే బ్రేకునూ చేశాయన్నమాట. నేటి అమెరికన్ ట్రైలర్లలో అత్యధికం ఇదే సూత్రం మీద ఆగుతున్నాయి.

యుద్ధం తర్వాత ట్రైలర్ రెండు దారులు పట్టింది. ఇళ్ళ కొరతతో జనం ట్రైలర్లలోనే స్థిరపడసాగారు. రోడ్డు చట్టాలు ఎనిమిది అడుగుల వెడల్పు దాటనిచ్చేవి కావు. విస్కాన్సిన్‌కు చెందిన ఎల్మర్ ఫ్రే 1950ల నడుమ పది అడుగుల వెడల్పు ఇళ్ళు కట్టి అమ్మాడు. వాటిని కదపాలంటే ప్రత్యేక అనుమతి, లారీ కావాలి. చక్రాలున్న ఇల్లు వేరు, కారు వెనక వెళ్ళే బండి వేరు అని అప్పుడు తేలింది. విడదీసింది అలవాటో అభిరుచో కాదు, కారు లాగగలిగిన బరువు.

ఆ రెండూ ఇంకా కలగాపులగంగా ఉన్న రోజులను 1954 నాటి ‘ద లాంగ్, లాంగ్ ట్రైలర్’ సినిమా పట్టుకుంది. టీవీలో అప్పటికే ఇంటింటి జంటగా పేరు తెచ్చుకున్న లూసిల్ బాల్, దేశి ఆర్నాజ్ కొత్త దంపతులు. మెర్క్యురీ కారు వెనక 36 అడుగుల పసుపురంగు ‘న్యూ మూన్’ ట్రైలర్. భార్యకు వెళ్ళిన ప్రతిచోటా రాళ్ళు ఏరి దాచుకునే అలవాటు. కొండదారి ఎక్కేముందు అవన్నీ పారేయమంటాడు భర్త. ఆవిడ పారేయదు, మూలమూలల్లో దాస్తుంది. కొండ మీద ఆ రాళ్ళు పొర్లిన తీరుకు హాలంతా నవ్వుతుంది. నవ్వు సరే. ట్రైలర్ కంపెనీ చెప్పే బరువుకూ, ఇల్లాలు సర్దిన బరువుకూ మధ్య ఉండే తేడా గురించి ఇంతకంటే తేటగా చెప్పిన పాఠ్యపుస్తకం లేదు.

అదే దశాబ్దంలో అసలైన ఇంజనీరింగ్ మార్పు కారు వెనక, ఎవరి కంటా పడని చోట జరిగింది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఎడ్లబండి తోలిన తాతను అడిగితే చాలు. బండి వెనక బరువు పెరిగితే నొగలు పైకి లేచి, కాడికి కట్టిన తాడు ఎడ్ల గొంతు నొక్కేస్తుంది. ముందు పెరిగితే ఎడ్ల మెడలు కాయలు కాస్తాయి. ట్రైలరూ అంతే. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద, అంటే కారు వెనక ఉన్న ఇనుప గుండు మీద పడాలి. అంతకు తగ్గితే లారీ దాటినప్పుడల్లా ట్రైలర్ తోక ఊగుతుంది. ఊపు ముదిరితే కారును కూడా తిప్పి పడేస్తుంది.

పదిహేను శాతం పడనిస్తే మరో చిక్కు. గుండు ఉండేది వెనక ఇరుసుకు ఇంకా వెనకాల. ముందు, వెనక ఇరుసుల మధ్య పది అడుగులు, గుండు వెనక ఇరుసుకు నాలుగు అడుగుల దూరం అనుకుంటే, గుండు మీద 500 పౌండ్లు పడితే వెనక ఇరుసు మీద 700 పౌండ్లు పడుతుంది. ఎక్కువైన ఆ 200 ముందు చక్రాల మీద నుంచి లేచిపోతుంది. స్టీరింగ్ తిప్పేది, బ్రేకు పనిలో పెద్దపాలు మోసేది ఆ ముందు చక్రాలే. కారు ముక్కు పైకెత్తి, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మలకేసి వెలిగేవి. దానికి విరుగుడుగా 1950లలో బరువును పంచే హిచ్‌లు వచ్చాయి. హిచ్ నుంచి ట్రైలర్ ముందు చట్రం వెంట రెండు స్ప్రింగు కడ్డీలు, వాటిని చట్రానికి బిగించే గొలుసులు. ఆ బిగింపు మీటలా పనిచేసి, వెనక పడ్డ బరువులో కొంత తిరిగి ముందు చక్రాల మీదికి, కొంత ట్రైలర్ ఇరుసు మీదికి నెడుతుంది. ఇంజన్ బలం ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగలేదు. అయినా మామూలు సెడాన్ కారు అప్పటిదాకా భయపడిన ట్రైలర్‌ను నిమ్మళంగా లాగసాగింది.

1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. వేగాలు పెరిగాయి. ఆరు, ఏడు లీటర్ల వి-8 ఇంజన్లున్న స్టేషన్ వ్యాగన్లు ట్రైలర్లకు సహజమైన జోడీ అయ్యాయి. డీలరు దగ్గర ‘టోయింగ్ ప్యాకేజీ’ అడిగితే పెద్ద రేడియేటరు, గేరు నూనెను చల్లార్చే కూలరు, గట్టి స్ప్రింగులు వేసి ఇచ్చేవారు. రోడ్డు లేని చోట మాత్రం పికప్‌లదే రాజ్యం. వాలీ బయమ్ 1959-60లో 41 ఎయిర్‌స్ట్రీమ్‌లను, 106 మందిని వెంటబెట్టుకుని కేప్‌టౌన్ నుంచి కైరో దాకా నడిపించిన యాత్రలో బురదలోంచి ట్రైలర్లను పెకిలించింది అవే. ఆయన పోయాక 1963-64లో సింగపూర్ నుంచి యూరప్ దాకా సాగిన మరో బిడారు మన దేశం మీదుగానూ వెళ్ళింది.

ఆపైన 1973 అక్టోబరు. చమురు సంక్షోభం. 1975లో అమెరికా ప్రభుత్వం కార్ల మైలేజీకి కనీస ప్రమాణం పెట్టింది. 1978 మోడళ్ళకు గ్యాలనుకు 18 మైళ్ళు, 1985 నాటికి 27.5. కార్లు చిక్కిపోయాయి. చట్రం మీద కట్టిన బరువైన శరీరాల బదులు చట్రమూ శరీరమూ ఒకటైన తేలిక నిర్మాణం వచ్చింది. అలాంటి కారు వెనక రెండు టన్నుల ట్రైలర్ తగిలిస్తే వెనక భాగం తట్టుకునేది కాదు. ట్రక్కులకు మాత్రం నియమం సడలింపుగా ఉంది. మొత్తం బరువు పరిమితి 8,500 పౌండ్లు దాటితే అసలు లేనే లేదు. ఇంకేం కావాలి? ట్రైలర్లవాళ్ళంతా ట్రక్కుల వైపు మళ్ళారు. వ్యవసాయానికీ మేస్త్రీ పనికీ పుట్టిన పికప్ కుటుంబ వాహనమైంది. 1989లో డాడ్జ్ పికప్‌లో కమిన్స్ డీజిల్ ఇంజన్ పెట్టడంతో బరువుల పందెం మొదలైంది. అమెరికన్ రోడ్డు మీద ఇవాళ కనిపించే ట్రక్కుల మోజుకు ఇంధనం పొదుపు చేయించాలని తెచ్చిన చట్టం కూడా ఒక కారణం కావడం విడ్డూరమే.

పందెంలో ఒక లోపం ఉంది. గీత ఎక్కడుందో గీసేది పందెగాళ్ళే. ‘ఈ ట్రక్కు ఇన్ని పౌండ్లు లాగుతుంది’ అన్న అంకెను ఎలా తేల్చాలో నియమం లేదు. ప్రతి కంపెనీ తన పరీక్ష తనే పెట్టుకుని తనే మార్కులు వేసుకునేది. పొద్దున ఒకరు ప్రకటించిన అంకెకు సాయంత్రానికల్లా పక్క కంపెనీ వంద పౌండ్లు కలిపేది. ట్రక్కులో మారింది ఏమీ ఉండేది కాదు.

2008లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ ‘జె-2807’ పేరుతో ఒక ప్రమాణం ప్రచురించింది. అందులో పరీక్షాస్థలం నిజమైన రోడ్డే. కొలరాడో నది మీది డేవిస్ డ్యామ్ దగ్గర మొదలై ఆరిజోనా ఎడారి కొండల్లోకి ఎక్కే 68వ నంబరు రహదారి. 11.4 మైళ్ళలో సుమారు 3,000 అడుగుల ఎత్తు. బయట వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ, లోపల ఏసీ పూర్తిగా తిప్పి, వెనక చెప్పినంత బరువు కట్టుకుని, వెనక ఒంటి చక్రాల ట్రక్కు గంటకు 40 మైళ్ళకు తగ్గకుండా ఎక్కాలి. ఏ భాగమూ చెడకూడదు, హెచ్చరిక దీపం వెలగకూడదు. ఇదొక్కటే కాదు. 12 శాతం వాలు మీద ఆగిన చోటు నుంచి అయిదు నిమిషాల్లో అయిదుసార్లు కదలాలి. నిలిచిన చోటు నుంచి 30 సెకన్లలో 60 మైళ్ళ వేగం అందుకోవాలి. ట్రైలర్ ఊపు ఎంతసేపట్లో సద్దుమణుగుతుందో చూపాలి. లాగడం, ఎక్కడం, ఆపడం, తూలకపోవడం అన్నీ ఒకే అంకెలోకి వచ్చింది మొదటిసారి అప్పుడే.

ఈ ప్రమాణాన్ని కంపెనీలన్నీ అమలు చేశాయా? 2011 మోడళ్ళకు టొయోటా ఒక్కటే ముందుకొచ్చింది. వెంటనే దాని టండ్రా ట్రక్కు అంకె వందల పౌండ్లు పడిపోయింది. ట్రక్కు పాతదే, కొలబద్ద మారింది. పోటీ కంపెనీలు తమ పాత అంకెలతో ప్రకటనలు ఇస్తూనే ఉన్నాయి. 2015 మోడళ్ళ నాటికి గానీ అమెరికన్ పెద్ద కంపెనీల సాధారణ పికప్‌లు ఆ ప్రమాణం కిందికి రాలేదు. నిజం చెప్పినందుకు ఏళ్ళ తరబడి బలహీనుడిగా కనిపించడం వ్యాపారంలో చిన్న విషయం కాదు. ఆ మెచ్చుకోలు టొయోటాకు దక్కాలి.

ప్రమాణం వచ్చినా సగం సమస్యే తీరింది. పరీక్షలో ట్రక్కులో కూర్చునేది ఇద్దరు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. అంటే 68 కిలోలు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో పిల్లాపాపలతో, అత్తమామలతో, రైస్ కుక్కరు, బియ్యం బస్తా, ఆవకాయ జాడీతో బయల్దేరే తెలుగువారి బండికి ఈ లెక్క ఎలా సరిపోతుంది? ప్రకటనలో 10,000 పౌండ్లు లాగుతుందన్న ట్రక్కు ఉందనుకుందాం. అది తన వీపు మీద మోయగలిగేది, అంటే పేలోడ్, 1,500 పౌండ్లు. ట్రైలర్ సామానుతో కలిపి 8,000. పరిమితికి రెండు వేలు తక్కువే కదా అని ధీమా. అందులో 13 శాతం హిచ్ మీద పడితే 1,040. హిచ్ సామగ్రి మరో 80. ముందు సీట్లలో ఆలుమగలు 320. మిగిలింది 60 పౌండ్లు. వెనక సీట్లో పిల్లలు ఎక్కగానే హద్దు దాటిపోయింది. లాగే బలం ఇంకా బోలెడు ఉంది, మోసే బలం అయిపోయింది.

ట్రైలర్ కంపెనీల కరపత్రాలు ఈ లెక్కను మరింత చెడగొడతాయి. ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ ప్రాంతం అమెరికన్ ట్రైలర్ పరిశ్రమకు రాజధాని. అక్కడినుంచి వచ్చే కరపత్రంలో పెద్ద అక్షరాలతో కనిపించేది ‘డ్రై వెయిట్’. నీళ్ళు లేవు, గ్యాసు లేదు, గిన్నె లేదు, దుప్పటి లేదు. గ్యాలను నీళ్ళు 8.3 పౌండ్లు. 40 గ్యాలన్ల ట్యాంకు నింపితే అదొక్కటే 330. ఎవరూ ఖాళీ ట్రైలర్‌తో విహారానికి పోరు గనుక ఆ అంకె అమ్మకానికి తప్ప ప్రయాణానికి పనికిరాదు.

అట్లాంటిక్‌కు అవతల ఆలోచన వేరు. కొత్తగా కేరవాన్ లాగేవాళ్ళకు బ్రిటిష్ సంఘాలు చెప్పేది ఒకటే: కేరవాన్ బరువు కారు బరువులో 85 శాతం దాటకూడదు. 1,500 కిలోల కారు వెనక 1,275 కిలోలు. తన బరువుకు రెట్టింపు లాగే అమెరికన్ పికప్‌ను చూస్తే వాళ్ళకు గుండె గుభేలుమంటుంది. అక్కడి కార్ల హిచ్‌లు సాధారణంగా 75 నుంచి 100 కిలోలకు మించి మోయవు, కాబట్టి ముందు బరువు తక్కువ. దాని వల్ల పోయే నిలకడను వేగపరిమితితో పూరించారు. బ్రిటన్ మోటార్‌వేల మీద కేరవాన్ లాగే కారుకు 60 మైళ్ళు దాటే హక్కు లేదు. ఏ పద్ధతి మేలు? తెలియనివాడి చేతిలో బ్రిటిష్ పద్ధతే క్షేమం. తూకం వేసుకునే ఓపిక ఉన్నవాడికి అమెరికన్ పద్ధతి ఎక్కువ వెసులుబాటు ఇస్తుంది.

విద్యుత్ ట్రక్కులు ఇప్పుడు ప్రశ్నను మళ్ళీ తిరగేశాయి. రివియన్ ఆర్1టి 11,000 పౌండ్లు లాగుతుంది. బలానికి కొదవ లేదు. కానీ పెద్ద ట్రైలర్ తగిలిస్తే ఒక్క చార్జితో వెళ్ళే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే తనలోనే మోటారు, బ్యాటరీ ఉండి లాగే బండి మీద భారం తగ్గించే ట్రైలర్ నమూనాలు కొన్నేళ్ళుగా కనిపిస్తున్నాయి. ఎయిర్‌స్ట్రీమ్ కూడా ‘ఈ-స్ట్రీమ్’ పేరుతో ఒకటి చూపించింది.

అమెరికాలో ట్రైలర్ కొనబోయేవారు, అద్దెకు తీసుకోబోయేవారు షోరూములో అంకెలు వినేముందు తమ ట్రక్కు డ్రైవరు తలుపు తెరవాలి. ఫైర్‌స్టోన్ టైర్ల ప్రమాదాల తర్వాత 2000లో వచ్చిన ట్రెడ్ చట్టం పుణ్యమా అని, మనుషులూ సామానూ కలిపి ఆ బండి ఎంత మోయగలదో చెప్పే చీటీ అక్కడ అంటించి ఉంటుంది. హిచ్ మీద పడే బరువు కూడా ఆ అంకెలోంచే పోవాలి. సామానంతా సర్దాక, లారీలు ఆగే ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ అనే తూకపు వేదిక మీద ఒకసారి ఎక్కించాలి. ఇరుసు ఇరుసుకీ విడివిడిగా తూచి, చేతిలో చీటీ పెడతారు.